పడుకుంటే పోయే నొప్పి

1961 ఆగస్టు 9, నెల్లూరు

పడుకుని రాస్తే పెన్నులో సిరా దిగడం లేదు. వార్డులో చార్టులు రాసే పెన్సిలు ఒకటి అక్క తెచ్చి ఇచ్చింది. ఇక కొన్నాళ్ళు ఇదే గతి.

నిన్న నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ అడ్డం తిరిగింది, కోసి తీయాల్సిందే అన్నది డాక్టరమ్మ. నడుముకు సూది వేస్తే పొట్ట, కాళ్ళు మొద్దుబారిపోతాయి, మనకు మాత్రం మెలకువగానే ఉంటుంది. ఆ సూది వేసింది ఇక్కడే నర్సుగా ఉన్న మా అక్కే. ఈ ఆసుపత్రిలో నడుము సూది అంటే మగ్దలీనమ్మ చెయ్యే అని పేరు. డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చేలోపు అక్క సూది వేసేసి ఉండాలి.

ఆయా నన్ను పక్కకు తిప్పి, మోకాళ్ళు పొట్టకు ఆనించమన్నది. అంత పొట్ట అడ్డం ఉంటే మోకాళ్ళు ఎక్కడ ఆనతాయి! "కదలబాక అమ్మణ్ణీ" అన్నది అక్క. కదలలేదు. ఒకసారి గుచ్చింది, దొరకలేదు. మళ్ళీ గుచ్చింది. వీపు మీద ఏదో వెచ్చగా నీళ్ళలాగా కారింది. మూడోసారికి కాళ్ళు వేడెక్కి మొద్దుబారాయి. అక్క నా చెవి దగ్గరకు వంగి, "డాక్టరమ్మ అడిగితే ఒకేసారి అయిపోయిందని చెప్పు" అన్నది. డాక్టరమ్మ అడగనే అడిగింది. ఒకేసారి అని చెప్పాను. అక్క కోసం ఆ మాత్రం చెప్పనా? అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి.

మా అత్త మంత్రసానితోనే కానిద్దామన్నది. అక్క మా అత్తగారి ఊరు అల్లూరు వచ్చి, "నా చేతులమీద కానుపు చేయిస్తా అత్తమ్మా, మీరు గుండెమీద చెయ్యేసుకోని నిద్రపోండి" అని మాట ఇచ్చి నన్ను తీసుకొచ్చింది. నిన్న సాయంత్రం అత్త వస్తోందని తెలిసి, అక్క నా వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. "చూడండి, మీ కోడలు ఎంత బాగుండాదో!" అని చూపించింది. అత్త కూడా నవ్వింది.

పాప ముక్కు మా ఆయనది. పోనీలే, పెద్దయ్యాక సర్దుకుంటుంది.

ఆగస్టు 10

కూర్చోగానే మెడ వెనక మొదలై కళ్ళదాకా తల పగిలిపోయింది. కక్కుకున్నాను. పడుకున్నాను, పోయింది. నిజంగా పోయింది, అబద్ధంలాగా. మళ్ళీ లేచి చూశాను. మళ్ళీ వచ్చింది. ఇలాంటి నొప్పి నేనెప్పుడూ వినలేదు.

ఆగస్టు 11

పొద్దున డాక్టరమ్మ రౌండుకు వచ్చింది. "తలనొప్పి ఇంతకు ముందు ఎప్పుడైనా ఉండేదా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "చిన్నప్పటినుంచీ ఉండాదమ్మా మా చెల్లెలికి. కాస్త ఎండ తగిల్తే చాలు, పడిపోయేది."

ఫ్లాస్కు పట్టుకుని మా అత్త అక్కడే నిలబడి ఉంది. "పెళ్ళిచూపులప్పుడు చెప్పలేదే" అన్నది. 

నాకు చిన్నప్పుడు తలనొప్పి ఎప్పుడుండేది? టైఫాయిడు వచ్చినప్పుడు ఒకసారి ఉండి ఉంటుంది. అక్కకు అది గుర్తొచ్చి ఉంటుంది. డ్యూటీలో కంగారుగా ఉంటుంది కదా, పాపం.

ఆగస్టు 13

అక్క గంటకోసారి వచ్చి కాఫీ, మజ్జిగ, ఉప్పు వేసిన గంజి తాపిపోతోంది. "లేవబాక, పండుకోనే తాగు" అంటుంది. పొట్టకు గుడ్డ బిగించి కట్టింది. పాపను నా పక్కన పడుకోబెట్టి పాలు పట్టిస్తుంది. నా కాళ్ళవైపు మంచం కింద ఇటుకలు కూడా పెట్టింది. అత్త వచ్చే వేళకు అవి తీసేయిస్తుంది, ఎందుకో. ఇంత ప్రేమ ఎవరు చూపిస్తారు!

ఆగస్టు 15

జెండా పండగ. ఆసుపత్రిలో అందరికీ బూందీ పంచారు. పడుకుని తిన్నాను. బడిలో నేను పాఠాలు చెప్పే మూడో తరగతి పిల్లలు ఈసారి ఎవరితో పాటలు పాడారో.

ఆగస్టు 18, అల్లూరు

ఇంటికి పంపేశారు. ఇల్లు అంటే అత్తగారిల్లే. తొలికానుపు పుట్టింటివాళ్ళు చూసుకోవాలి. నాకు పుట్టిల్లంటే అక్కే. నర్సుల క్వార్టర్సులో బాలింతను ఉంచుకోనివ్వరట. పోయినేడు సుందరమ్మ నర్సు తన చెల్లెల్ని రెండు నెలలు ఉంచుకున్నది, అది వేరే సంగతి.

బస్సులో వెనక సీటంతా నాకే ఇచ్చారు. మా ఆయన ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. ఆయన మిల్లులో గుమాస్తా, చొక్కానిండా తవుడు వాసన. ఆ వాసన పీలుస్తూ వంతెన దాటాను. బస్సు ఎక్కించేటప్పుడు అక్క నా చెవిలో "నీళ్ళు బాగా తాగు" అన్నది. ఆ మాటేదో మా అత్త చెవిలో అని ఉంటే బాగుండేది.

ఆగస్టు 20, ఆదివారం

ఈ ఇంట్లో బాలింత నీళ్ళు తాగకూడదు. "పచ్చి బాలింతరాలు నీళ్ళు తాగితే పొట్ట దిగదుమే" అంటుంది అత్త. శొంఠి, మిరియాలు, బెల్లం దంచి ముద్ద చేసిన కాయం మింగి, పైన గుక్కెడు వేణ్ణీళ్ళు. అంతే. అక్క తాగమన్నదని చెప్పాను. "మీ అక్క ఎంతమందిని కన్నదంట?" అన్నది. అక్కకు పెళ్ళే కాలేదు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

పొద్దున పీట మీద కూర్చోబెట్టి కాగే నీళ్ళు పోస్తారు. తర్వాత బుట్ట బోర్లించి సాంబ్రాణి పొగ, దానికీ కూర్చోవాలి. చెవుల్లో దూది, తలకు గుడ్డ. పీట మీదనుంచి రెండుసార్లు పక్కకు ఒరిగిపోయాను. పడుకుంటే మామూలుగా మాట్లాడుతున్నాను, నవ్వుతున్నాను కూడా. అదే నా ఖర్మకొచ్చింది. అత్త వీధరుగు మీద ఎవరితోనో చెబుతోంది. "పండుకుంటే నొప్పి లేదంట, లేస్తే నొప్పంట. ఇట్టాంటి జబ్బు నాక్కూడా ఒకటి ఇప్పించు తండ్రీ అని ప్రార్థన చేసుకుంటా."

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఆగస్టు 22

పడుకుని పాలిస్తే బిడ్డ చెవిలోకి పాలు దిగి చీము పడుతుందట. కూర్చునే ఇవ్వాలట. కూర్చుంటాను. పాప నోరు పెట్టేలోపు కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఆసుపత్రిలో అక్క పడుకోబెట్టే పట్టించేది అంటే ఎవరూ నమ్మలేదు. "మీ అక్క వస్తే అడుగుతాంలే" అన్నది అత్త.

అక్క ఆదివారం వస్తుంది. అక్క వస్తే అన్నీ చెబుతుంది.

ఆగస్టు 23

సాయంత్రం చర్చి అయ్యగారు ప్రార్థనకు వచ్చారు. అయ్యగారి ముందు పడుకుని ఉంటే ఏం మర్యాద అని నన్ను లేపి, ఒళ్ళో పాపను పెట్టారు. అయ్యగారి ప్రార్థన మామూలుగానే పొడుగు. మా ఇల్లు, మిల్లు, ఊరు, జిల్లా, ఆ తర్వాత దేశ నాయకులు. దేశ నాయకుల దగ్గర నాకు కళ్ళు తిరిగాయి. పాప ఒళ్ళోనుంచి జారింది. మా తోటికోడలు పుష్పకుమారి ఎగిరి పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆగస్టు 24

పాపను పక్కింటికి తీసుకెళ్ళారు.

ఆగస్టు 25

పక్కిల్లంటే మా మరిదిదే. మధ్యలో గోడ. పుష్పకుమారికి చంటి కొడుకున్నాడు, పాలు సమృద్ధిగా ఉన్నాయి, ఇద్దరికీ ఇస్తోంది. మంచి మనిషి. నాకు ఆమె మీద కోపం లేదు. ఈ మాట రాసి, మళ్ళీ చదువుకుంటే అబద్ధమని తెలిసిపోతోంది.

పాప ఏడుపు గోడవతలనుంచి వినిపిస్తుంది. వినగానే నా రవికె తడిసిపోతుంది.

ఆగస్టు 26

అత్త మల్లెపూలు తెచ్చి నా రొమ్ములకు కట్టింది. అట్లా కడితే పాలు ఆగిపోతాయట. బిడ్డకివ్వని పాలు గడ్డకట్టి జ్వరం వస్తుందని, నా మంచికే. పెళ్ళయ్యాక ఇన్ని మల్లెపూలు ఈ ఇంట్లో నాకెవరూ తెచ్చిపెట్టలేదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. "రేపు మీ అక్కొస్తాది గదా, ఆమె తియ్యమంటే తీస్తాలే" అన్నది.

రేపు అక్క వస్తుంది.

ఆగస్టు 27, ఆదివారం

అక్క వచ్చింది. రొట్టెలు తెచ్చింది. మా ఆయన మర్యాదగానే అడిగాడు. "వదినా, దాచబాకండి. ఈ జబ్బు ఈమెకు నిజంగా చిన్నప్పటినుంచీ ఉండాదా?"

అక్క కిటికీ వైపు చూసింది. "ఉండాది మరిదిగారూ. వస్తా ఉంటాది, పోతా ఉంటాది."

"బిడ్డను ఈమె దగ్గర ఉంచొచ్చా?"

"మీ అమ్మగారు పెద్దావిడ, ఆమె ఎట్టంటే అట్టా."

నేను పడుకుని వింటున్నాను. లేవలేను కదా. వాళ్ళు బయటికి వెళ్ళాక అడిగాను. "నాకెప్పుడుంది అక్కా తలనొప్పి? ఎందుకట్టా చెప్పినావు?"

అక్క నా తల నిమిరింది. "మూడుసార్లు గుచ్చినానని తెలిస్తే డాక్టరమ్మ నన్ను ఉంచదు అమ్మణ్ణీ. నీకు మొగుడుండాడు, ఇల్లుండాది. నాకు ఆ సూదొక్కటే ఉండాది. నాలుగురోజులు ఓర్చుకో."

మల్లెపూల సంగతి ఆమెకు చెప్పలేదు. వాసన తెలిసే ఉంటుంది, నర్సు కదా. తియ్యమనలేదు.

ఆగస్టు 28

అక్క చెప్పిందీ నిజమే. ఆమెకెవరున్నారు? నాన్న పోయాక నన్ను చదివించింది, టీచరు ట్రైనింగుకు పంపింది, నా పెళ్ళి చేసింది. ఉద్యోగం పోతే ఎక్కడికి పోతుంది? నాలుగురోజులు ఓర్చుకుంటే పోయేదేముంది?

ఆగస్టు 29

అక్క చెప్పిందీ నిజమే.

సెప్టెంబరు 1

పొద్దున పీట మీద కూర్చున్నాను. నీళ్ళు పోశారు. పొగ వేశారు. లేచి నడిచి వచ్చి మంచం దగ్గర నిలబడ్డాను. అప్పుడు తెలిసింది, నొప్పి లేదని. తల వంచాను, ఎత్తాను, విదిలించాను. లేదు! పెరట్లోకి వెళ్ళి ఎండలో నిలబడ్డాను. కళ్ళు మండాయి కానీ తల నొప్పి పెట్టలేదు. దేవునికి స్తోత్రం చెప్పి, గోడ చుట్టూ తిరిగి పక్కింటికి పరిగెత్తాను.

పాప పుష్పకుమారి రొమ్ము పట్టుకుని నిద్రపోతోంది. "ఇప్పుడే కన్నుమూసింది, మళ్ళీ రాక్కా" అన్నది.

సెప్టెంబరు 4

ఇంత పనీ చేస్తున్నాను. నీళ్ళు తోడుతున్నాను, వంచిన నడుము ఎత్తకుండా వాకిలి ఊడుస్తున్నాను, వద్దంటున్నా. చూడండి, లేదు, పోయింది అంటాను. "చిన్నప్పటినుంచీ ఉండేది యాడికి పోద్దిమే? మళ్ళా వస్తాది" అంటుంది అత్త. "బిడ్డను ఎత్తుకోని బాయి దగ్గర నిలబడతావు, అప్పుడొస్తాది."

మా ఆయన్ను అడిగాను. "మీ అక్కే చెప్పింది గదా, వస్తా పోతా ఉంటాదని. కొంచెం పెరగనీ. నడకొచ్చినాక తెచ్చుకుందాం" అన్నాడు. నడక వచ్చేసరికి ఎవరి దగ్గరికి నడుస్తుందో ఆయనకు తెలియదా?

నొప్పి పోయింది. అక్క చెప్పిన మాట మాత్రం పోలేదు.

సెప్టెంబరు 9

పాపను కాసేపు ఇచ్చారు. రొమ్ము అందించాను. రెండు గుక్కలు లాగింది. ఏమీ రాలేదు. నా ముఖంలోకి చూసి ఏడ్చింది. పుష్పకుమారి గొంతు వినగానే ఊరుకుంది.

సెప్టెంబరు 14

 ఇది ఈరోజే రాయాలి.

నెల దాటాక చూపించమని డాక్టరమ్మ అన్నదని నెల్లూరు వెళ్ళాం. నేను, అత్త, పాపతో పుష్పకుమారి. పుష్పకుమారి వరండాలో పాపకు పాలిస్తోంది. అక్క వార్డులో ఉందంటే నేనూ అత్తా అటు వెళ్ళాం. మూల మంచం దగ్గర అక్క మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. మంచానికి కాళ్ళవైపు ఇటుకలు. పడుకున్నది ఇసకపల్లి మనిషి, పేరు పేరమ్మ. మొగుడు పోలేరయ్య సముద్రం మీద వేటకు పోతాడట, తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ గోడు చెప్పుకుంటున్నాడు.

"పండుకుంటే నవ్వతాది నర్సమ్మా. లేస్తే తల పట్టుకోని అరస్తాది. గాలి సోకినట్టుండాది. మా ఊరికి తీసకపోయి మంత్రం ఏయిస్తా."

అక్క నవ్వింది. "గాలీ లేదు, దుమ్మూ లేదు పోలేరయ్యా. నడుముకు సూదేసినాం గదా, ఆ బెజ్జంలోంచి లోపలి నీళ్ళు కారతాయి. అందుకని లేస్తే తల పగిలిపోతాది, పండుకుంటే ఉండదు. ఇది జబ్బు కాదు. లేపబాకండి. నీళ్ళు, కాఫీ, మజ్జిగ, ఎంత తాగితే అంత తాపండి. పొట్టకు గుడ్డ బిగించి కట్టండి. బిడ్డకు పండుకోనే పాలిమ్మను, చెవికేం కాదు. ఎనిమిది పది దినాల్లో బెజ్జం పూడిపోయి దానంతటదే పోద్ది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ పడతాది. ఆ బిడ్డను తల్లినుంచి తియ్యబాకండి. పెండ్లాన్ని తిట్టబాక, తెలిసిందా? తప్పు ఆమెది కాదు, మా సూదిది."

పేరమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్క వంగి ఆమె దుప్పటి సర్దింది. ఎంత చక్కగా చెప్పింది! మా మూడో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పింది.

అత్త ప్రతి మాటా విన్నది. "ఏం మగ్దలీనా, మా పిల్లకొచ్చింది గూడా ఇదేనా?"

అక్క తిరిగి మమ్మల్ని చూసింది. ముఖం తెల్లబోయింది. అప్పుడైనా అవునంటుందని చూశాను. నిజంగా చూశాను. "ఇది వేరే అత్తమ్మా" అన్నది అక్క. "మా చెల్లెలు సామ్రాజ్యానిది వేరే. దానికి చిన్నప్పటినుంచే."

నా కాళ్ళు వాటంతటవే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాయి. అత్త నా వెనకే వచ్చింది. "డాక్టరమ్మా, ఆరోజు మీకు అబద్ధం చెప్పినాను. ఒకసారి కాదు, మూడుసార్లు గుచ్చింది" అన్నాను. అక్క ఉద్యోగం పోతుందని తెలిసే అన్నాను. పోతే పోనీ అనుకున్నాను.

డాక్టరమ్మ తల కూడా ఎత్తలేదు. "తెలుసమ్మా. రౌండులో మీ అక్క చిన్నప్పటినుంచీ ఉందన్నది కానీ, ఆ సాయంత్రమే ఇక్కడికొచ్చి ఏడ్చి అంతా చెప్పింది. మన సూదులు లావు, ఇది ఎవరి చేతిలోనైనా జరుగుతుంది, దానికి ఏడుపెందుకని నేనే సర్దిచెప్పాను. ఇంటికి పంపేటప్పుడు ఇలా ఇలా చూసుకోమని మీ వాళ్ళకు చెప్పమన్నాను. చెప్పే ఉంటుందిగా?"

చెప్పలేదని నేను అనలేదు. అత్తే అన్నది. "మాకెవురూ చెప్పలేదమ్మా."

బస్సులో అత్త పుష్పకుమారి చేతుల్లోంచి పాపను తీసుకుని నా ఒళ్ళో పెట్టింది. కోవూరు దాటాక అన్నది. "ఆమె ఒక్క మాట చెప్పుంటే నేను ఆ పూలు కట్టుండను. ఇంక నీకు పుట్టిల్లు లేదనుకో."

సెప్టెంబరు 15

పాప నా దగ్గరే పడుకుంది. ఆకలేస్తే పక్కింటికి తీసుకెళ్ళి, తాగించి తెచ్చుకుంటున్నాను. మధ్యలో ఆవుపాలు ఉగ్గుగిన్నెతో పడుతున్నాను. అత్త మెంతులు, వెల్లుల్లి వండి పెట్టి, చెంబెడు నీళ్ళు కూడా తనే తెచ్చి తాగమంటోంది. పాలు మళ్ళీ పడతాయేమో చూద్దామంటుంది. పడలేదు.

సెప్టెంబరు 17, ఆదివారం

అక్క వచ్చింది. వీధరుగు మీదే కూర్చుంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేను కూడా. పాపను ఎత్తుకుని బయటికి వెళ్ళాను.

"ఉద్యోగం పోతుందన్నావే" అన్నాను. "డాక్టరమ్మకు ముందే చెప్పేసి, నాతో అట్టా ఎందుకన్నావు?"

అక్క చేతి గడియారం తిప్పుకుంటూ కూర్చుంది. "మీ అత్తకు మాటిచ్చి నిన్ను తీసకపోతిని. నా చెయ్యి తప్పిందని ఆమె ముందర ఎట్టా చెప్పుకునేది అమ్మణ్ణీ? డాక్టరమ్మ వేరే, మీ అత్త వేరే. ఈ ఊళ్ళో తలెత్తుకోవద్దా నేను?"

"పేరమ్మకు చెప్పినావే."

"పేరమ్మ పరాయిది. చెప్పకపోతే ఆ అమాయకురాలు ఏమైపోద్ది? నువ్వైతే నా చెల్లెలివి. నాకోసం ఓర్చుకుంటావనుకున్నా."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను చంపేసింది. నిజంగానే అట్లా అనుకున్నది. పాపకోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నేను ఏడవలేదు, ఇప్పుడు ఏడుస్తున్నాను.

ఆరోజు ఆ మంచం మీద నేను పరాయిదాన్నై ఉంటే, నా బిడ్డ నా పాలే తాగేది.